లావెక్కిన చెట్టులో చేవ ఎంత? ఎర్రచందనం, శ్రీగంధం, టేకు నాటేముందు నేలలోకి తవ్వి చూడండి

ఈ వారం వీడియోలో రెండు తుమ్మ మొద్దులు పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకటి చెరువు కాలువ గట్టు మీద పెరిగింది, ఇంకొకటి రాళ్ల బీడులో పెరిగింది. చుట్టుకొలత దాదాపు సమానం. కాలువ గట్టు మొద్దు మధ్యలో ఎర్రటి చేవ పిడికిలంత ఉంది, మిగతాదంతా తెల్లచెక్కే. బీడు మొద్దులో తెల్లచెక్క బొటనవేలు మందం, లోపలంతా చేవ. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, ఈ రెండిటి వయసు ఒకటి కాదు. బీడు తుమ్మ ఆ లావుకు రావడానికి చాలా ఎక్కువ ఏళ్లు తీసుకుంది. సామిల్లు మేస్త్రీని ఈ రెండిట్లో ఏది కావాలని అడిగితే టేపు కూడా తీయడు, కోసిన ముఖం చూసి చెప్పేస్తాడు.

ఎర్రచందనం, శ్రీగంధం పెట్టిన రైతులు నాకు ఫోన్ చేసినప్పుడు చెప్పే మొదటి మాట లావు గురించే. "తమ్ముడూ, నాలుగేళ్లకే తొడంత లావైంది, పక్కోడిది చెయ్యంత కూడా కాలేదు" అని. సంతోషమే. కానీ ఆ చెట్టు అమ్మే రోజున కొనేవాడు తూకం వేసేది చేవను. తెల్లచెక్కకు ఎర్రచందనంలో రంగు లేదు, శ్రీగంధంలో వాసన లేదు. వంటచెరుకు ధరే.

ఇప్పుడు ఈ చెట్ల పేరు చెప్పి మొక్కలు అమ్మేవాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు చాలామంది తయారయ్యారు. ఎకరానికి ఇన్ని మొక్కలు, చెట్టుకు ఇన్ని కిలోలు, కిలోకు ఇంత రేటు, గుణిస్తే కోట్లు. ఆ లెక్క వేసిన కాగితంలో నేల అనే మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. నాకైతే ఒక్క దాంట్లో కూడా కనిపించలేదు. మంచి మాగాణి, మామిడి తోట తీసేసి మరీ ఎర్రచందనం పెట్టినవాళ్లు ఉన్నారు. ఇరవై, పాతికేళ్లు భూమిని కట్టేసే పని ఇది. మిరప, పత్తి అయితే ఒక సీజన్ పోతుంది. చెట్టు విషయంలో పిల్లల చదువు, పెళ్లి అన్నీ దాని మీదే లెక్కేసుకుని కూర్చుంటారు.

చేవ ఎలా పుడుతుంది?

బెరడు కింద ఉండే తెల్లచెక్క చెట్టుకు పైపులైను. వేళ్లు తీసుకున్న నీళ్లు ఆకులకు చేరేది దాని గుండానే. అందులో బతికున్న కణాలు ఉంటాయి, పిండి పదార్థం నిల్వ ఉంటుంది. అందుకే పురుగు, చెద ముందు తినేది దాన్నే. చెట్టు వయసు పెరిగేకొద్దీ లోపలి వలయాలు నీళ్లు మోసే పని మానేస్తాయి. అక్కడి కణాలు చనిపోయే ముందు ఆ పిండిని రంగు పదార్థాలుగా, నూనెలుగా, జిగురుగా మార్చి చెక్కలో నింపుతాయి. అదే చేవ. ఎర్రచందనం ఎరుపు, శ్రీగంధం వాసన, టేకుకు చెద పట్టకపోవడం, అన్నీ ఈ సరుకు పుణ్యమే. చేవ మొదలు దగ్గర లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది.

ఇప్పుడు నేల సంగతికి వద్దాం. పైన ఎంత ఆకు ఉంటే ఆ ఆకుకు నీళ్లందించడానికి అంత పైపులైను కావాలి. లోతైన సారవంతమైన నేల, ఏడాది పొడవునా డ్రిప్పు, దండిగా కోళ్ల ఎరువు ఉంటే చెట్టు గుబురుగా ఆకు వేస్తుంది. దానికి తగ్గట్టు తెల్లచెక్కను కూడా వెడల్పుగా ఉంచుకుంటుంది. పైపులైను అవసరం తీరనంతకాలం దాన్ని చేవగా మార్చే తొందర చెట్టుకు లేదు. నీళ్లు, పోషకాలు కొంచెం పొదుపుగా దొరికే చోట, వేసవిలో ఆకు రాల్చి విశ్రాంతి తీసుకునే చోట, తెల్లచెక్క పలచగా ఉంచుకుని లోపలిది త్వరగా వదిలేస్తుంది.

దీన్ని పట్టుకుని "అయితే నీళ్లు ఆపేసి మాడబెడితే చేవ వస్తుందా" అంటే రాదు. మాడిన చెట్టు చచ్చిపోతుంది, లేదా పెరగడమే ఆపేస్తుంది. చేవలో నింపే సరుకు ఆకు తయారుచేసిన ఆహారం నుంచే రావాలి. వయసు రావాలి, చెట్టు ఆరోగ్యంగా ఉండాలి, ఆ తర్వాతే నేల తన పని చేస్తుంది. ఇంకోటి, ఈ సూత్రం అన్ని చెట్లకూ ఒకేలా పనిచేయదు. టేకు దగ్గరకు వచ్చేసరికి కథ చాలావరకు తిరగబడుతుంది.

ఎర్రచందనం పుట్టిల్లు ఎలా ఉంటుంది

మాది కోడూరు వైపు. ఇంటి వెనక నుంచే శేషాచలం అడవి మొదలవుతుంది కాబట్టి ఈ చెట్టును చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ప్రపంచంలో ఇంకెక్కడా లేకుండా తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, అంటే శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ ఈ వరుసల్లోనే సహజంగా పెరిగే చెట్టు ఇది. ఆ కొండలెక్కి చూస్తే కాలికింద మట్టి తక్కువ, రాయి ఎక్కువ. క్వార్ట్‌జైట్ బండలు, పలకలు పలకలుగా విరిగే షేల్ రాయి, వాటి సందుల్లో ఎర్రటి గరప మట్టి. వాన పడితే నీళ్లు నిలబడవు, జారిపోతాయి. చెట్టు మాత్రం బండ చీలికల్లోకి వేరు దించి ఎక్కడో లోపలి తేమను వెతుక్కుంటుంది. ఎండాకాలంలో ఆకంతా రాల్చేస్తుంది. అడవిలో అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. దశాబ్దాలు గడిచినా ఇంతేనా అనిపించే లావు. కానీ కోసి చూస్తే లోపల నల్లగా కనిపించేంత ఎరుపు, నీళ్లలో వేస్తే మునిగేంత బరువు.

అదే మొక్కను తీసుకొచ్చి చెరువు కింది నల్లరేగడిలో పెడితే?

మా దగ్గర ఒకే ఊళ్లో, ఒకే నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు రెండు చోట్ల పెట్టిన పొలాలు ఉన్నాయి. ఒకటి కొండవాలు ఎర్ర గరప నేల. రెండోది ఊరి దిగువన బరువు నేల, అంతకుముందు చెరకు పండించేవాళ్లు. మొదటి మూడేళ్లు దిగువ పొలం చూస్తే కళ్లు చల్లబడేవి. నిటారుగా, పచ్చగా ఉండేది. ఆ తర్వాత ఒక ఏడాది ముసురు పట్టి నీళ్లు మొదళ్ల దగ్గర రోజుల తరబడి నిలిచాయి. ఆకు పసుపు పడి, కొనలు ఎండి, మొదట్లో బెరడు పగిలింది. కొన్ని ఎండిపోయాయి, బతికినవాటిలో చాలావరకు గాలికి ఒక పక్కకు ఒరిగాయి. తవ్వి చూస్తే తల్లివేరు అడుగున్నర దగ్గర వంకర తిరిగి చాప పరిచినట్టు పక్కకు పోయింది. కొండవాలు మొక్కలు లావులో ఇప్పటికీ వెనకే ఉన్నాయి. కానీ ఒక్కటి కూడా ఒరగలేదు.

నల్లరేగడికి ఇంకో గుణం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలు సన్న వేళ్లను తెంపేస్తాయి. పత్తికి, శనగకు ఫర్వాలేదు, అవి సీజన్ పంటలు. పాతికేళ్లు ఒకేచోట నిలబడాల్సిన ఎర్రచందనానికి ఏటా ఈ తెంపుడు తప్పదు. నల్లరేగడి అడుగున మొరం ఉండి నీళ్లు దిగిపోయే చోట కొంత నయం. అడుగున కూడా జిగటే ఉంటే ఆ పొలంలో ఎర్రచందనం వద్దనే చెప్తాను.

ఒరిగిన చెట్టు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. వెడల్పాకు చెట్టు ఒక పక్కకు వంగితే, మళ్లీ నిటారు కావడానికి వంపు పైభాగంలో వేరే రకం చెక్క పోస్తుంది. దీన్ని టెన్షన్ వుడ్ అంటారు. కోసినప్పుడు పలక మెలి తిరుగుతుంది, రందా పడితే నున్నగా రాకుండా పీచు లేస్తుంది. అంటే లోతు లేని నేల వల్ల వేరు పట్టు చిక్కక చెట్టు ఒరిగితే, పోయేది నిలువు ఒక్కటే కాదు. చెక్క నాణ్యతే దెబ్బతింటుంది.

శ్రీగంధం: నేలతో పాటు పక్కమొక్క

శ్రీగంధం సొంతంగా పూర్తిగా బతకలేదని మన రైతుల్లో చాలామందికి ఇప్పుడు తెలుసు. దాని వేళ్లు పక్క మొక్కల వేళ్లకు అతుక్కుని నీళ్లు, పోషకాలు లాక్కుంటాయి. కవర్లో ఉన్నప్పుడు పొన్నగంటి, పొలంలో మొదటి ఒకట్రెండేళ్లు కంది, తర్వాత సరుగుడు లాంటి దీర్ఘకాలం నిలిచే చెట్టు. ఈ వరుస చాలామంది పాటిస్తున్నారు. కాబట్టి శ్రీగంధానికి నేల సరిపోతుందా అని అడిగినప్పుడు అసలు ప్రశ్న రెండు. శ్రీగంధానికి ఈ నేల సరిపోతుందా, దాని తోడు చెట్టుకు ఈ నేల సరిపోతుందా. తోడు చెట్టు వేరు దిగని నేలలో శ్రీగంధం కూడా ఆకలితోనే ఉంటుంది.

కర్ణాటక ప్రభుత్వం 2001లో, తమిళనాడు 2002లో చట్టం మార్చి రైతు తన పొలంలో పెంచిన శ్రీగంధం మీద రైతుకే హక్కు ఇచ్చాక ఈ సాగు ఊపందుకుంది. ఆ ఊపు మన వైపుకూ వచ్చింది. దాంతోపాటే ద్రాక్ష తోట, దానిమ్మ తోట పద్ధతులు కూడా వచ్చాయి. రెండు డ్రిప్పు లైన్లు, వారం వారం ద్రవ ఎరువులు, ఏడాదంతా తడి. అడవిలో శ్రీగంధం ఉండేది ఎర్ర నేలల్లో, రాళ్ల గుట్టల మీద, నీళ్లు జారిపోయే చోట. అలాంటి చోట చెట్టు సన్నగా ఉన్నా చేవ, నూనె బాగుంటాయని అటవీ శాఖ వాళ్లు, గంధం కొనేవాళ్లు ఎప్పటి నుంచో చెప్తున్నదే. మెత్తటి సారవంతమైన నేలలో అదే వయసు చెట్టు లావుగా ఉండి లోపల చేవ తక్కువగా ఉంటుంది.

మరి లావు అక్కర్లేదా? కావాలి. లావు లేని చెట్టులో చేవ శాతం ఎంత ఉన్నా కిలోలు రావు. నా అభిప్రాయం ఏమిటంటే మొదటి మూడేళ్లు మొక్కను బాగా చూసుకోవాలి, కందితో, నీడతో, తడితో. ఆ తర్వాత డ్రిప్పును ఏటా తగ్గించుకుంటూ రావాలి. ఆరో ఏడు వచ్చేసరికి ప్రాణం కాపాడే తడి తప్ప ఇంకేమీ ఇవ్వక్కర్లేని స్థితికి చెట్టును అలవాటు చేయాలి. చెట్టు మొదట్లోనే డ్రిప్పర్ పెట్టి పదేళ్లూ అక్కడే ఉంచితే వేళ్లన్నీ ఆ తడి గుండ్రంలోనే తిరుగుతాయి. డ్రిప్పర్‌ను ఏటా అడుగు దూరం బయటికి జరపండి. వేరు వెతుక్కుంటూ వస్తుంది.

బంకమట్టిలో నీళ్లు నిలిచే చోట శ్రీగంధం అసలు వద్దు. ఈ ఒక్క విషయంలో మాత్రం ప్రయోగాలు చేయకండి.

టేకుకు మంచి నేలే కావాలి

ఇప్పటిదాకా చదివి "అయితే టేకు కూడా బండల్లో పెడదాం" అనుకుంటే ఆగండి. టేకు రాజు లాంటిది, దానికి అన్నీ మంచివే కావాలి. లోతైన నేల, నీరు దిగిపోయే నేల, సున్నం తగినంత ఉన్న నేల, తటస్థానికి దగ్గరగా పీహెచ్. కేరళలో నీలంబూరు టేకు పేరు విని ఉంటారు. 1840లలో మలబారు కలెక్టర్ కానొలీ, ఆయన కింద పనిచేసిన చాతు మేనన్ అక్కడ టేకు ప్లాంటేషన్లు మొదలుపెట్టారు. ఆ తోటలో కొన్ని చెట్లు ఇప్పటికీ ఉన్నాయి, జనం చూడటానికి వెళ్తారు. ఆ చోటు చాలియార్ నది ఒడ్డున ఉన్న ఒండ్రు నేల. అదే కేరళలో గట్టి లాటరైట్ పొర మీద పెట్టిన టేకు గిడసబారిపోతుంది. ఒకే రాష్ట్రం, ఒకే వాన, నేల మారింది, చెట్టు మారింది.

వేగంగా పెరిగిన టేకు మెత్తగా ఉంటుందని మన వడ్రంగులు అంటుంటారు. పూర్తిగా నిజం కాదు. టేకు చెక్కలో వానాకాలం మొదట్లో పెద్ద రంధ్రాలున్న పట్టీ ఒకటి, తర్వాత దట్టమైన పట్టీ ఒకటి పడతాయి. చెట్టు బాగా పెరిగిన ఏడాది ఎక్కువగా పెరిగేది ఆ రెండో దట్టమైన పట్టీయే. అందుకే అదే వయసులో మంచి నేలలో వేగంగా పెరిగిన టేకు బలంలో పెద్దగా తీసిపోదు. వడ్రంగి చెడ్డదని చెప్పేది నిజానికి పది, పన్నెండేళ్ల టేకు. అది వేగం వల్ల వచ్చిన లోపం కాదు, వయసు చాలకపోవడం. లేత టేకులో చేవ కొద్దిగానే ఉంటుంది, బయటి తెల్లచెక్కను ద్వారబంధానికి వాడితే చెద రాదా మరి?

రంగు మాత్రం నేలను, వానను బట్టి మారుతుంది. మన ఆదిలాబాద్ టేకుకు గులాబీ ఛాయ ఉంటుందని పేరు, దానికోసమే ఎక్కువ ధర ఇచ్చేవాళ్లు ఉన్నారు. నీలంబూరుది బంగారు గోధుమ రంగు. ఎండు ప్రాంతాల టేకు నెమ్మదిగా పెరిగి ముదురు రంగు, నల్లచారలతో వస్తుంది. కొందరికి ఆ చారలే ఇష్టం.

టేకు మొక్క రోటవేటర్ తిప్పీ తిప్పీ గట్టిపడ్డ పొర మీద కూర్చుంటే ఏమవుతుందో చూడాలంటే ఏ పల్లెకైనా వెళ్లి పొలం గట్ల మీద టేకు చూడండి. గట్టు మీదవి ఏపుగా ఉంటాయి, అదే రైతు పొలం మధ్యలో పెట్టినవి తల ఎండిపోయి కొమ్మలు చీలి ఉంటాయి. గట్టు మట్టి వదులుగా, లోతుగా ఉంటుంది, నీళ్లు నిలవవు. మనిషి చేసిన ఆ ఎత్తే టేకుకు కావాల్సిన నేలయింది.

సరుగుడు, సుబాబుల్, జామాయిల్

ఇవి కాగితం గుజ్జుకు పోయే చెట్లు. ఇక్కడ చేవతో పనిలేదు, టన్నుల లెక్క. కాబట్టి మంచి నేల అంటే నేరుగా ఎక్కువ డబ్బు. సరుగుడు తీరం ఇసుకలో కూడా వస్తుంది, దాని వేళ్ల బుడిపెల్లోని ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. సుబాబుల్ సున్నం ఉన్న నల్లనేలల్ని ఇష్టపడుతుంది, పుల్లటి నేలల్లో గిడసబారుతుంది. జామాయిల్ క్లోన్లలో మాత్రం ఒక్కోటి ఒక్కో నేలకు పనికొస్తుంది. సున్నం ఎక్కువున్న నేలకు దానికి తగిన క్లోన్ తీసుకోకపోతే ఆకు పాలిపోతుంది. మలబారు వేప ప్లైవుడ్‌కు పోతుంది, దానికి లోతు, నీరు దిగడం రెండూ కావాలి. నీళ్లు నిలిస్తే ముందు పోయేది అదే.

నేలలోకి తవ్వి చూడండి

సాయిల్ టెస్ట్ చేయించామంటారు. పై ఆరంగుళాల మట్టి తీసి పంపితే వరికి, వేరుశనగకు సరిపోతుంది. చెట్టుకు కాదు. ఎకరానికి కనీసం ఒక గుంట, నేల రంగు మారిన చోటల్లా ఒక గుంట, నాలుగు నుంచి ఐదు అడుగుల లోతు తవ్వండి. జేసీబీ ఎలాగూ గుంతలకు వస్తుంది, ముందు రోజే ఈ పని చెప్పండి. గుంట గోడను కొడవలితో చెక్కి శుభ్రం చేసి ఎండలో నిలబడి చూడండి.

పైన ఎంత లోతు వరకు గడ్డి వేళ్లు, కలుపు వేళ్లు దిగాయి? ఎక్కడ ఆగాయి? ఆ ఆగిన చోట గడ్డపార మొనతో పొడవండి. ఠంగుమని తగిలితే గట్టిపొర. ఆరు నుంచి పది అంగుళాల మధ్య అలా తగిలితే అది నాగలి, రోటవేటర్ చేసిన పొర, సబ్‌సాయిలర్‌తో చీల్చొచ్చు. రెండడుగుల కింద షీటు రాయి పరిచినట్టు ఉంటే ఏ ఇనుమూ ఏమీ చేయలేదు. కానీ రాయి చీలికలుగా, పలకలుగా విరిగి సందుల్లో మట్టి ఉంటే భయపడక్కర్లేదు, ఎర్రచందనానికి అదే పుట్టిల్లు. రాయి ఉందా లేదా అని కాదు, వేరు దిగే సందు ఉందా అని చూడాలి.

బూడిద రంగు, నీలి ఛాయ, తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే ఆ లోతులో ఏడాదిలో కొన్నాళ్లు నీళ్లు నిలుస్తున్నాయని అర్థం. మీరు చూసింది ఎండాకాలంలో కాబట్టి పొడిగా ఉంది అంతే. ఆ మచ్చలు రెండడుగుల లోపే ఉంటే ఎర్రచందనం, శ్రీగంధం, టేకు మూడూ వద్దు.

తెల్లటి సున్నపు గడ్డలు కనిపిస్తే వాటి మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే సున్నం. టేకుకు కొంత సున్నం మంచిదే కానీ గడ్డలు గడ్డలుగా పొర కట్టి ఉంటే వేరు దిగదు, ఇనుము, జింకు కూడా అందవు.

ఆ గుంట అడుగునే ఇంకో చిన్న గుంట అడుగు లోతు, అడుగు వెడల్పు తీసి నీళ్లు నింపండి. మొదటిసారి పోసినవి ఇంకిపోనివ్వండి, మళ్లీ నింపి కర్ర గుచ్చి గంట గంటకీ గుర్తు పెట్టండి. గంటకు అంగుళం, అంతకంటే ఎక్కువ దిగితే బాగున్నట్టే. తెల్లారి చూసినా నీళ్లు అలాగే ఉంటే మీ నేల మీకు జవాబు చెప్పేసింది.

మట్టి నమూనాలు అడుగుకొకటి విడివిడిగా తీసి మూడు సంచుల్లో పంపండి. పైన పీహెచ్ ఏడున్నర ఉండి మూడో అడుగులో తొమ్మిది ఉన్న పొలాలు మన దగ్గర తక్కువేం కాదు. మొక్క మూడేళ్లు బాగా పెరిగి నాలుగో ఏడు ఆగిపోయిందంటే చాలాసార్లు వేరు ఆ మూడో అడుగుకు చేరిందన్నమాట. ఈసీ కూడా చూడండి, ఒకటి దాటితే జాగ్రత్త పడాలి. బోరు నీళ్లది కూడా పంపండి. ఉప్పునీళ్లు డ్రిప్పులో ఏళ్ల తరబడి పోస్తే మంచి నేల కూడా చౌడు తేలుతుంది.

జీవామృతం ఏం చేస్తుంది, ఏం చేయలేదు

మన ప్రకృతి సేద్యం మిత్రులకు ఈ మాట కొంచెం చేదుగా ఉండొచ్చు. జీవామృతం పోస్తే ఏ నేలైనా మారిపోతుందని చెప్పేవాళ్లున్నారు. పై అడుగు మట్టిని ఆచ్ఛాదన, జీవామృతం, పచ్చిరొట్ట కలిసి మార్చిన పొలాలు నేనే చాలా చూశాను. వానపాములు వచ్చాయి, నీళ్లు ఇంకడం పెరిగింది, మట్టి వాసనే మారింది. వాఫస, అంటే నేలలో గాలీ తేమా కలిసి ఉండే స్థితి, చెట్టు వేళ్లకు కావాల్సింది అదే. కానీ మూడడుగుల కింద ఉన్న బంకపొరను, పలక రాయిని డ్రమ్ము జీవామృతం కరిగించదు. ఆ పొరను బట్టి చెట్టును ఎంచుకోవాల్సింది మనమే.

చేయగలిగింది చాలా ఉంది. నాటడానికి ముందు ఏడాది జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నడం, కంది వేసి దాని లోతైన వేళ్లతో నేలను గుల్ల చేయించడం. వాలుకు అడ్డంగా కందకాలు తీస్తే రాళ్ల నేలలో వాన నీళ్లు లోపలికి దిగుతాయి, డ్రిప్పు లేకుండా ఎర్రచందనం నిలబెట్టినవాళ్ల రహస్యం ఆ కందకాలే. గ్లైరిసీడియా గట్టు మీద పెట్టి ఏటా కొట్టి మొదళ్ల చుట్టూ పరచండి, కానీ కాండానికి తగలకుండా జానెడు ఖాళీ వదలండి. చెత్త కాండానికి ఆనుకుని ఉంటే చెద అక్కడి నుంచే ఎక్కుతుంది.

కోళ్ల ఎరువు ట్రాక్టర్లకు ట్రాక్టర్లు దింపేవాళ్లకు ఒక మాట. అది సేంద్రియమే కావచ్చు, కానీ అంత నత్రజని ఒక్కసారి తిన్న మొక్క చువ్వలా సాగి తలబరువై వంగిపోతుంది. మళ్లీ పైన చెప్పిన టెన్షన్ వుడ్ కథే. ఘన జీవామృతం కొద్దికొద్దిగా, మొదటి మూడు నాలుగేళ్లు చాలు.

ఇప్పటికే నాటేసినవాళ్లకు

బరువు నేలలో పెట్టేశాం, ఇప్పుడేం చేయాలి అని అడిగేవాళ్లే ఎక్కువ. మొదట నీళ్లు బయటికి పోయే దారి చూడండి. రెండు వరసలకు ఒక కాలువ, రెండడుగుల లోతు, పొలం దిగువకు కలిసేలా. మొదళ్ల దగ్గర పాదులు ఉంటే ఇప్పుడే చెరిపేయండి. పాదు ఎండు నేలకు పనికొస్తుంది, బరువు నేలలో అది చెట్టుకు చెరువు. తీసిన మట్టిని వరస మధ్యలో వేయండి, కాండం మీదకు ఎక్కించొద్దు. పూర్వపు మొదలు కంటే పైకి మట్టి కప్పితే బెరడు కుళ్లుతుంది. డ్రిప్పు తగ్గించండి.

ఒరిగినవి, తల ఎండినవి, చీలినవి తీసేయాలనుకుంటే ముందు అటవీ శాఖ అనుమతి సంగతి చూసుకోండి. ఎర్రచందనం మన పట్టా భూమిలో పెరిగినా కొట్టడానికి, రవాణాకు అనుమతి కావాలి. 1995 నుంచి ఇది సైటిస్ రెండో అనుబంధంలో ఉంది, అంటే విదేశాలకు పంపాలన్నా సాగు చేసిన చెట్టని కాగితం చూపించాలి. నాటిన ఏడాదే సర్వే నంబరు, మొక్కల సంఖ్య అడంగల్‌లో ఎక్కించుకుని, మొక్కలు కొన్న బిల్లు దాచిపెట్టుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత వెతికితే దొరకవు.

పది, పన్నెండేళ్లు దాటిన శ్రీగంధం తోట ఉన్నవాళ్లు చెట్టు కొట్టకుండానే చేవ చూసుకోవచ్చు. ఇంక్రిమెంట్ బోరర్ అని ఒక పనిముట్టు ఉంది, మర తిప్పినట్టు తిప్పితే పెన్సిల్ మందం చెక్క పుల్ల బయటికి వస్తుంది. బయట ఎంత తెల్లగా ఉంది, లోపల ఎక్కడి నుంచి రంగు మారింది స్కేలు పెట్టి కొలవొచ్చు. రంధ్రాన్ని వెంటనే మైనంతో మూసేయాలి. తోటలో లావువి మూడు, మధ్యరకం మూడు, సన్నవి మూడు చూస్తే చాలు, ప్రతి చెట్టుకూ రంధ్రం పెట్టొద్దు. వచ్చే వీడియోలో మా ఊరి పక్క తోటలో ఇది చేసి చూపిస్తాను.

మీ పొలం ఫొటోలు పంపేవాళ్లు చెట్టు పక్కన నిలబడి తీసుకున్న ఫొటో వద్దు. గుంట తవ్వి, గోడకు టేపు ఆనించి, ప్రతి అడుగూ కనిపించేలా తీసి పంపండి. పక్కనే మట్టి రిపోర్టు, నీళ్ల రిపోర్టు. ఏ చెట్టు పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.